నాడి ఆగేదాకా

(పుట్టిన బిడ్డ మాయలోని మూలకణాలను దాచడం గురించి చేసిన స్మారకోపన్యాసం పాఠం)

డాక్టరమ్మ గారి పేరున ఈ ధర్మనిధిని నెలకొల్పిన పెద్దలూ, ఆవిడ చేతుల్లో పుట్టిన మీరూ ఇవాళ ఈ హాలు నిండా కూర్చున్నారు.

ఆవిడ పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. ఈ ఊళ్లో ఆ పేరు పెట్టి పిలిచినవారిని నేను చూడలేదు. అందరికీ డాక్టరమ్మే. నేనూ అలాగే అంటాను. అలా అంటేనే నాకు మాట సాగుతుంది.

హౌస్ సర్జన్సీ అయిన వెంటనే ఏడాది పాటు ఆవిడ నర్సింగ్ హోమ్‌లో పనిచేశాను. వచ్చిన మొదటి వారంలోనే ఒక రాత్రి కాన్పు. బిడ్డ బయటికి రాగానే నేను క్లాంపు అందుకున్నాను. కాలేజీలో నాకు నేర్పింది అదే. బిడ్డ వచ్చిందా, తాడు బిగించు, కత్తిరించు, పిల్లల డాక్టరు చేతిలో పెట్టు. డాక్టరమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపారు. నా రెండు వేళ్లు తీసుకెళ్లి బొడ్డుతాడు మీద ఆనించారు. వెచ్చగా, జారుడుగా, మెలికలు తిరిగి ఉంది తాడు. లోపల నాడి కొట్టుకుంటోంది. "ఇంకా పోస్తోంది బాబూ, బిడ్డకి. ఆగేదాకా ఆగు" అన్నారు. నిమిషం గడిచింది. రెండో నిమిషమూ గడిచింది. నీలంగా ఉబ్బి ఉన్న తాడు మెల్లగా తెల్లబడింది, మెత్తబడింది, వేళ్ల కింద నాడి అందకుండా పోయింది. అప్పుడు కత్తెర నా చేతికిచ్చారు.

ఆవిడ కాన్పుల రిజిస్టరులో మామూలుగా ఉండే గడులకు తోడు స్కేలు పెట్టి గీసిన గడి ఒకటి ఎక్కువ ఉండేది. బిడ్డ పుట్టిన వేళ ఒక గడిలో, బొడ్డు కోసిన వేళ పక్క గడిలో. ఈ ఓపిక ఎక్కడ నేర్చుకున్నారని ఒకసారి అడిగాను. పుస్తకంలో కాదట. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక పల్లెకు వెళితే, అక్కడి మంత్రసాని చేసి చూపించిందట.

ఇవాళ నేను ఎంచుకున్న విషయానికి ఆ గడితో సంబంధం ఉంది. ఈ రోజుల్లో కాన్పు గదిలోకి తల్లితో పాటు ఒక అట్టపెట్టె వస్తోంది. అందులో ఒక సూది, ఒక సంచి, కొన్ని కాగితాలు ఉంటాయి. పుట్టిన బిడ్డ బొడ్డుతాడులో, మాయలో మిగిలిన రక్తాన్ని పట్టి, అందులోని మూలకణాలను ఏళ్ల తరబడి గడ్డకట్టించి దాచి, రేపు ఆ ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా వాడుకోవచ్చని ఆ కాగితాలు చెబుతాయి. ఆ మాటలో ఎంత నిజముంది, ఎవరి విషయంలో నిజమవుతుంది అన్నది పిల్లల రక్తజబ్బులకు వైద్యం చేసేవాడిగా మీ ముందు విప్పి చెప్పాలని వచ్చాను.

మాయ చేసే పని

మాయ మన కంటపడేది కాసేపే. పళ్లెంలో పెట్టి, ముక్కలేవీ లోపల మిగల్లేదని చూసుకుని, తీసేస్తాం. అరకిలో బరువు, జానెడు వెడల్పు ఉండే ఆ ముద్ద తొమ్మిది నెలలు బిడ్డకు ఊపిరితిత్తి, మూత్రపిండం, పేగు అన్నీ తానే అయింది. దాన్నుంచి వచ్చే మూరెడు పైచిలుకు బొడ్డుతాడులో రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. బిడ్డ రక్తం ధమనుల్లోంచి మాయలోకి వెళ్లి, తల్లి నుంచి ప్రాణవాయువూ పోషకాలూ తీసుకుని, సిరలోంచి తిరిగొస్తుంది. తల్లి రక్తం, బిడ్డ రక్తం నేరుగా కలవవు. మధ్యలో పలుచని పొర ఉంటుంది. మాయలో తిరుగుతున్నది బిడ్డ రక్తమే. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. దీనితో మళ్లీ పని పడుతుంది.

ఆ రక్తంలో మూలకణాలు పుష్కలంగా ఉంటాయి. ఎర్రకణాలు, తెల్లకణాలు, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు, ఈ మూడింటినీ జీవితాంతం పుట్టించగల తల్లికణాలివి. పెద్దవాళ్లలో ఇవి ఎముక మజ్జలో, మనం మూలుగ అనే చోట, కాపురం ఉంటాయి. పుట్టే బిడ్డలో రక్తంలో కూడా తిరుగుతుంటాయి. బొడ్డు కోసిన తర్వాత తాడు సిరలోకి సూది గుచ్చితే మామూలుగా 50 నుంచి 150 మిల్లీలీటర్ల రక్తం దొరుకుతుంది. తల్లికి నొప్పి లేదు, బిడ్డకు నొప్పి లేదు. చలికి గడ్డకట్టేటప్పుడు కణాలు పగిలిపోకుండా ఒక రసాయనం కలిపి, ద్రవ నత్రజనిలో సున్నాకు దిగువన 196 డిగ్రీల చలిలో దాస్తారు. సరిగా దాస్తే ఇవి చాలాకాలం బతికే ఉంటాయి. 27 ఏళ్లు నిలవ ఉన్న సంచిలోని కణాలు పనిచేస్తున్నట్టు 2023లో వచ్చిన పరిశోధనలో తేలింది. దాచడం సాధ్యమే, అందులో అనుమానం లేదు. దాచినది ఎవరికి అక్కరకొస్తుంది అన్నదగ్గరే తేడా వస్తుంది.

అక్కరకొచ్చిన మొదటి సంచి

1988 అక్టోబరులో పారిస్‌లోని సాన్ లూయీ ఆసుపత్రికి అమెరికా నుంచి ఒక అయిదేళ్ల బాబును తీసుకొచ్చారు. వాడికి ఫాంకోనీ అనీమియా అనే పుట్టుజబ్బు. మజ్జ ఎండిపోతోంది. అప్పటికి తల్లి కడుపులో ఉన్న చెల్లెలికి ఆ జబ్బు లేదనీ, ఆ పిల్ల కణాలు అన్నకు సరిపోతాయనీ పుట్టకముందే పరీక్షల్లో తెలిసింది. ఆమె పుట్టినప్పుడు బొడ్డుతాడు రక్తాన్ని పట్టారు. ఇండియానాలో హాల్ బ్రాక్స్‌మేయర్ దాన్ని పరీక్షించి, గడ్డకట్టించి భద్రపరిచారు. ఆ సంచి సముద్రం దాటి పారిస్ చేరింది. ఎలియాన్ గ్లుక్‌మన్ దాన్ని అన్నకు ఎక్కించారు. ప్రపంచంలో మొట్టమొదటి బొడ్డుతాడు రక్త మార్పిడి అది. బాబు కోలుకున్నాడు, పెరిగి పెద్దవాడయ్యాడు.

తర్వాత 1990ల మొదట్లో పాబ్లో రూబిన్‌స్టైన్ న్యూయార్క్ బ్లడ్ సెంటర్‌లో ప్రజా బ్యాంకు పెట్టారు. రక్తదానంలాగే తల్లులు బిడ్డ మాయలోని రక్తాన్ని దానం చేస్తారు. ప్రపంచంలో ఎక్కడ ఏ రోగికి అది సరిపోతే అక్కడికి పంపిస్తారు. బొడ్డుతాడు రక్తంలోని రోగనిరోధక కణాలు ఇంకా ముదరనివి కాబట్టి కాస్త తేడా ఉన్నా కొత్త శరీరంతో సర్దుకుంటాయి. ఇప్పటివరకూ ప్రపంచమంతా కలిపి ఇలాంటి మార్పిడులు నలభై వేలు దాటాయి.

ఈ మార్పిడులన్నింటిలో ఒక పోలిక ఉంది. దాదాపు ప్రతిసారీ ఒకరి మాయలోని రక్తం ఇంకొకరికి వెళ్లింది. చెల్లెలిది అన్నకు వెళ్లింది, ముక్కూమొహం తెలియని తల్లి దానం చేసినది ఇంకో దేశంలోని పిల్లవాడికి వెళ్లింది. తన రక్తం తనకే ఎక్కించుకుని బాగుపడిన వారు బహు కొద్దిమంది. ఎందుకో తెలియాలంటే నా దగ్గరికి వచ్చిన ఒక ఫైలు గురించి చెప్పాలి.

మిర్చి రైతు ఫైలు

కొన్నేళ్ల కిందట ఒక మిర్చి రైతు, ఆయన భార్య ఏడు నెలల బాబును తీసుకొచ్చారు. బాబు గోడకు వేసిన సున్నంలా తెల్లగా ఉన్నాడు. పొట్ట ఉబ్బి ఉంది, ప్లీహం చేతికి తగులుతోంది. హిమోగ్లోబిన్ నాలుగుకు పడిపోయింది. పరీక్షల్లో తలసీమియా మేజర్ అని వచ్చింది. జీవితాంతం మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, దానివల్ల ఒంట్లో పేరుకునే ఇనుమును దింపడానికి రోజూ మందు వేయాలి అని చెబుతుంటే ఆయన మధ్యలో ఆపి, సంచిలోంచి ఒక ఫైలు తీశారు. తళతళలాడే అట్ట. లోపల బాబు పేరున ఒక సర్టిఫికెట్టు.

"వీడి రక్తం బ్యాంకులో ఉంది సార్. వాయిదాల మీద కట్టాం. ఇలాంటి జబ్బులకే పనికొస్తుందని చెప్పారు. తెప్పించి ఎక్కించండి."

ఆ మాట విన్న క్షణం నాకు ఇంకా మరుపు రాలేదు. తలసీమియా జన్యువులో ఉంటుంది. బిడ్డ ఒంట్లోని ప్రతి కణంలోనూ ఆ లోపమే ఉంది. మాయలో తిరిగింది బిడ్డ రక్తమే అని ఇందాక చెప్పాను. కాబట్టి దాచిన సంచిలోని మూలకణాల్లోనూ ఆ జబ్బే ఉంది. అవి ఎక్కిస్తే మళ్లీ అదే రక్తం పుడుతుంది. ఇది ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటుంటే ఆయనే అన్నారు: "అంటే తెగులు విత్తనంలోనే ఉంది. గాదెలో దాచింది ఆ విత్తనాన్నే."

అంతకన్నా బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను. సికిల్ సెల్ జబ్బుకూ ఇదే లెక్క. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్ కొన్నింటిలోనూ ఇదే చిక్కు. ఏళ్ల తర్వాత లుకేమియా వచ్చిన పిల్లలు పుట్టినప్పుడు తీసిన రక్తపు చుక్కల్ని వెతికి పరీక్షిస్తే, ఆ చెడ్డ మార్పు మొదటి అడుగు కొందరిలో పుట్టుకనాటికే పడి ఉందని తేలింది. అందుకే లుకేమియా పిల్లవాడికి మార్పిడి అవసరమైతే వాడి రక్తం వదిలి ఇంకొకరి కణాలు వెతుకుతాం. పైగా పిల్లల్లో ఎక్కువగా వచ్చే లుకేమియా చాలామందిలో మార్పిడి అవసరం లేకుండా మందులతోనే నయమవుతోంది. ఆ మందుల్లో ముఖ్యమైన మెథోట్రెక్సేట్ భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసినది. దాచుకున్న సంచుల కన్నా ఆయన వదిలి వెళ్లిన మందు ఎన్నో రెట్లు ఎక్కువమంది పిల్లల్ని బతికించింది.

తన రక్తం తనకే అవసరపడే అవకాశం ఎంత? అమెరికాలోని మజ్జ మార్పిడి నిపుణుల సంఘం 2008లో లెక్క కట్టింది. పుట్టిన నాటి నుంచి ఇరవై ఏళ్లలో ఆ అవకాశం ఎక్కువలో ఎక్కువ వేసుకున్నా పదివేల మందిలో నలుగురికి, తక్కువ వేసుకుంటే రెండు లక్షల మందిలో ఒకరికి. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి కూడా సొంత వాడకం కోసం దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని చెప్పింది. భారత పిల్లల వైద్యుల సంఘం 2018లో ఇదే మాట రాతపూర్వకంగా ప్రకటించింది.

ఇంకో లెక్క ఉంది. మార్పిడికి రోగి బరువులో కిలోకు కనీసం రెండున్నర కోట్ల కణాలు కావాలి. ఇరవై కిలోల పిల్లవాడికి 50 కోట్లు. అరవై కిలోల తండ్రికి 150 కోట్లు. ఒక సంచిలో అన్ని దొరకడం అరుదు. ఇంట్లో అందరికీ ఇదే రక్ష అని చెప్పేవారు ఈ గుణకారం చెయ్యరు.

దాచవలసిన ఇల్లు

అలాగని దాచడమే తప్పు అనడానికి నేను రాలేదు. దాచి తీరవలసిన ఇళ్లు ఉన్నాయి. ఆ మిర్చి రైతు ఇల్లే తర్వాత అలాంటిదయింది.

రెండో కాన్పు కోసం ఆ రైతు భార్య నెల తప్పిన వెంటనే వచ్చింది. పదకొండో వారంలో మాయ నుంచి నూలుపోగంత ముక్క తీసి పరీక్ష చేయించాం. కడుపులో బిడ్డకు జబ్బు లేదు, తల్లిదండ్రుల్లాగే లోపాన్ని మోసే వాహకురాలు మాత్రమే. తోబుట్టువుల కణాలు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. ఆ అదృష్టం వాళ్లకు దక్కింది. అన్నకు జబ్బు ఉంది, చెల్లెలి కణాలు సరిపోతాయి, కాబట్టి ఆ పాప మాయలోని రక్తాన్ని వైద్యుల సలహా మీద, అన్న పేరు రాసి దాచాం. దాచవలసింది ఇలాగే. కణాలు లెక్కపెడితే అన్న బరువుకు చాలినన్ని లేవు. పాప కాస్త పెరిగే దాకా ఆగి, ఆమె మజ్జ కూడా తీసి రెండూ కలిపి ఎక్కించారు. ఆ బాబు ఇప్పుడు బడికి వెళుతున్నాడు. రక్తం ఎక్కించుకునే రోజులు పోయాయి.

మన దేశంలో తలసీమియాకు మజ్జ మార్పిడి 1986లో వెల్లూరు సీఎంసీలో మొదలైంది. ఇవాళ పూర్తిగా సరిపోయే తోబుట్టువు లేకపోయినా తల్లిదండ్రుల సగం సరిపోయే కణాలతో మార్పిడి చేసే పద్ధతి కొన్ని జబ్బులకు వచ్చింది. రోగి సొంత మూలకణాల్లోని జన్యువును కత్తిరించి సవరించి తిరిగి ఎక్కించే చికిత్సకు 2023లో బ్రిటన్ మొదటగా అనుమతి ఇచ్చింది. ఆ కణాల్ని పుట్టుకనాటి సంచిలోంచి తీయరు, పెద్దయిన రోగి రక్తంలోంచే సేకరిస్తారు. రేపటి వైద్యం ఎటు నడుస్తోందో చూడండి. ఇరవై ఏళ్ల కిందటి సంచి మీద అది ఆధారపడటం లేదు.

ముందు బిడ్డది

ఇప్పుడు డాక్టరమ్మ గారి గడి దగ్గరికి వస్తాను.

మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం సుమారు 240 మిల్లీలీటర్లు. పుట్టిన క్షణంలోనే తాడు కోసేస్తే బిడ్డకు చేరవలసిన రక్తంలో చాలా భాగం మాయలో ఉండిపోతుంది. రెండు మూడు నిమిషాలు ఆగితే 80 నుంచి 100 మిల్లీలీటర్లు బిడ్డలోకి వెళతాయి. ఆ రక్తంలోని ఇనుము నెలల తరబడి బిడ్డకు నిలవ ఉంటుంది. తల్లిపాలలో ఇనుము తక్కువ కాబట్టి మొదటి ఆరు నెలలు బిడ్డ బతికేది ఎక్కువగా ఆ నిలవ మీదే. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిమీద ప్రత్యేకంగా మార్గదర్శకం ఇచ్చింది: బిడ్డకు అత్యవసర ఊపిరి సాయం అవసరమైతే తప్ప, ఒక నిమిషం లోపు తాడు కోయవద్దు. ఆ మంత్రసాని చేతికి ఎప్పుడో తెలిసిన సంగతి అది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికి దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత. ఆంధ్రప్రదేశ్‌లో 63.2, తెలంగాణలో 70 శాతం. పదిమంది పిల్లల్ని వరసగా నిలబెడితే ఏడుగురు పాలిపోయి ఉన్న నేల మనది. అలాంటి నేల మీద పుట్టిన బిడ్డకు చెందవలసిన రక్తాన్ని, సంచి బాగా నిండాలని ముందే తాడు బిగించి పట్టుకోవడం ఏ లెక్కన న్యాయం? తాడు నాడి ఆగేదాకా ఆగితే సంచిలోకి వచ్చే రక్తం తగ్గుతుంది. నిజమే. తగ్గాలి కూడా. రక్తం పట్టడం కోసం ఆ ఆగే సమయాన్ని మార్చకూడదని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం కూడా రాసింది. ఇంట్లో జబ్బుపడిన తోబుట్టువు కోసమైతే అది వేరే సంగతి, ఆ మాట కూడా వారే చెప్పారు.

తల్లులకు నేను చెప్పేది ఒకటే. రక్తం దాచాలా వద్దా అన్నది తర్వాత ఆలోచించండి. కాన్పుకు ముందే మీ డాక్టరు గారిని అడగండి: "బొడ్డు ఎప్పుడు కోస్తారండీ?"

తాయెత్తు

మన పల్లెల్లో కాన్పయిన ఇంటి పెరట్లో గొయ్యి తీసి మాయను పూడ్చి, కుక్కలు తవ్వకుండా పైన రాయి పెట్టేవారు. ఊడిన బొడ్డును ఎండబెట్టి వెండి తాయెత్తులో పెట్టి మొలతాడుకు కట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ తాయెత్తులో ఉన్నవి మూలకణాలేననీ, మన పెద్దలు చేసినదే ఇవాళ శాస్త్రం చేస్తోందనీ ఒక ప్రచారం తిరుగుతోంది. ఎండిన బొడ్డులో బతికున్న కణం ఒక్కటీ ఉండదు. తాయెత్తు కట్టిన అమ్మమ్మ దాన్ని మందుగా కట్టలేదు. పేగు తెంచుకు పుట్టిన బిడ్డ మీది మమకారంతో కట్టింది. ఆ మమకారం నాకు పూజ్యం. దాన్ని అడ్డం పెట్టుకుని నిండు చూలాలికి వస్తువు అమ్మడం మాత్రం నేను సహించలేను.

ఎందుకంటే ఆ అమ్మకం జరిగేది ఏడో నెలలో, ఎనిమిదో నెలలో. ఆ నెలల్లో ఏ తల్లి గుండె అయినా మైనంలా ఉంటుంది. "బిడ్డ కోసం ఈ మాత్రం చెయ్యలేరా?" అన్న ఒక్క మాట చాలు, పుస్తెలు కుదువపెట్టయినా కడుతుంది. కట్టలేని తల్లి ఆ లోటును జీవితాంతం మోస్తుంది. కట్టలేకపోయానని నా గదిలో ఏడ్చిన తల్లులను చూశాను. అమ్మా, నీ బిడ్డకు నువ్వు చేసిన లోటు ఏమీ లేదు. ఈ హాల్లో అలాంటి తల్లి ఉంటే ఈ మాట ఇంటికి తీసుకెళ్లాలని నా కోరిక.

మరో సంగతి కూడా తెలుసుకోండి. మన దేశంలో 2017 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం దాచడానికి అనుమతి ఉన్నది బొడ్డుతాడు రక్తానికి మాత్రమే. మాయ కణజాలం, తాడు ముక్క, పాలపన్ను వంటివి దాస్తామని డబ్బు తీసుకోవడానికి ఆ మార్గదర్శకాలు ఒప్పుకోవు. ఆటిజానికి మూలకణ చికిత్స చేస్తామని ఎవరైనా చెబితే, 2022లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని సిఫారసు చేయడం లేదని స్పష్టం చేసిన సంగతి గుర్తుచేయండి. ఆటిజం పిల్లలకు వాళ్ల సొంతదో దాతలదో బొడ్డుతాడు రక్తం ఎక్కించి అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం చేసిన పెద్ద పరీక్ష కూడా అనుకున్న ఫలితం ఇవ్వలేదు.

ఇన్నీ విన్నాక కూడా దాచుకోవాలనిపిస్తే అది మీ ఇష్టం, మీ డబ్బు. అడగవలసినవి అడిగి దాచండి. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ లైసెన్సు ఉందా? మా సంచిలో ఎన్ని కణాలున్నాయో, ఎన్ని బతికున్నాయో రాసిస్తారా? ట్యాంకు చలి రోజూ ఎవరు నమోదు చేస్తారు? కంపెనీ మూతపడితే మా సంచి ఎక్కడికి పోతుంది? సింగపూర్‌లో 2023లో ఒక ప్రైవేటు బ్యాంకులోని ట్యాంకులు సరైన చలిలో లేకపోవడంతో రెండు వేలకు పైగా కుటుంబాల సంచులు పాడైనట్టు తేలింది. అంత కట్టుదిట్టమైన దేశంలోనే అలా జరిగింది.

నా తోటి వైద్యులకు ఒక్క మాట. సంచికి ఇంత అని వచ్చే ఏ కవరూ మన బల్ల మీద ఉండకూడదు. కమీషన్లు తీసుకోవద్దని 2002 నాటి వైద్య నీతి నియమావళి స్పష్టంగా చెప్పింది. డాక్టరమ్మ అది చదవక ముందునుంచే అలా బతికారు.

ఇంటికి నిజమైన రక్ష

ఆ రోజు ఫైలు మూసేశాక మిర్చి రైతు భార్య నన్ను ఒకే ఒక్క మాట అడిగింది. "నాకు ముందే ఏదైనా రక్తపరీక్ష చేసుంటే ఇది తెలిసేదా అండీ?"

తెలిసేది. హిమోగ్లోబిన్ ఎ2 పరీక్ష. సంచి దాచడానికి వాళ్లు కట్టిన దానిలో చిన్న వంతు చాలు. వాళ్లిద్దరూ బావామరదళ్లు. మేనరికం మన ఇళ్లలో మామూలు. ఒకే వంశంలో దాగిన లోపం రెండు వైపుల నుంచీ వచ్చి బిడ్డలో కలుసుకునే అవకాశం మేనరికంలో పెరుగుతుంది. వాహకులకు ఏ బాధా ఉండదు. అందుకే తెలియదు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మన దేశంలో ఏటా సుమారు పదివేల మంది పిల్లలు తలసీమియా మేజర్‌తో పుడుతున్నారు. గర్భిణికి మొదటి నెలల్లోనే ఈ పరీక్ష చేసి, ఆమె వాహకురాలైతే భర్తకూ చేస్తే, చాలా ఇళ్లు ఆ పరిస్థితి రాకముందే జాగ్రత్తపడతాయి. మన్యం ప్రాంతాల్లో సికిల్ సెల్ పరీక్ష కూడా అంతే ముఖ్యం. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఈ పరీక్షల్ని ఊళ్లకు తెస్తోంది. వాటిని చేయించుకోండి. హైదరాబాద్‌లో తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి ఇలాంటి పిల్లలకు అండగా ఉంది. మార్పిడికి డబ్బు లేని తల్లిదండ్రులకు కోల్ ఇండియా సాయంతో నడిచే పథకం పది లక్షల దాకా ఇస్తోంది.

ఇక మూలకణాల దానం. తోబుట్టువు సరిపోని పిల్లలకు తెలియనివాళ్లే దిక్కు. కణాల గుర్తులు వంశాల వెంట, ప్రాంతాల వెంట నడుస్తాయి. మన పిల్లవాడికి సరిపోయే మనిషి ఎక్కడో దూరదేశంలో కన్నా మన జిల్లాల్లోనే దొరికే అవకాశం ఎక్కువ. చెన్నై కేంద్రంగా 2009 నుంచి నడుస్తున్న దాత్రి వంటి దాతల పట్టికలో పేరు నమోదు చేసుకోవడానికి చెంప లోపల దూదిపుల్ల తిప్పితే చాలు. లాకరులో పెట్టిన ఒక సంచి కన్నా ఈ హాల్లోంచి నమోదయ్యే యాభై మంది యువకులు ఎక్కువ పిల్లలకు ఆశ.

మాయ విలువ పంచుకోవడంలో ఎలా పండుతుందో చూడాలంటే హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్లండి. దానంగా వచ్చిన మాయ మీది పలుచని పొరను అక్కడ శుభ్రం చేసి, దాని మీద కంటి మూలకణాల్ని పెంచి, సున్నమో ఆసిడో పడి కన్ను కాలిన వారికి అతికిస్తున్నారు. ఆ పొర ఇచ్చిన తల్లి ఎవరో ఆ రోగికి తెలియదు. చూపు మాత్రం తిరిగి వచ్చింది.

ధర్మనిధి పెద్దలకు ఒక విన్నపం. ఈ నిధి మీద ఏటా వచ్చే వడ్డీని ఉపన్యాసాలకూ సన్మానాలకూ కొంచెం తగ్గించి, ఈ ఊళ్లో మొదటిసారి నెల తప్పిన ప్రతి అమ్మాయికీ ఎ2 పరీక్ష చేయించడానికి వాడండి. రిపోర్టులు చూసే పని నేను తీసుకుంటాను, ఫీజు లేకుండా, చేయగలిగినంత కాలం. ఇవాళే హాలు బయట బల్ల వేసి ఉంది. దాతలుగా నమోదు కావాలనుకునే పిల్లలు వెళ్లేటప్పుడు అక్కడ ఆగండి.

నర్సింగ్ హోమ్ మూసేసినప్పుడు డాక్టరమ్మ నాకు ఆ పాత రిజిస్టరు ఇచ్చారు. నిన్న రాత్రి దాన్ని మళ్లీ తిరగేశాను. పేజీల నిండా మీ పేర్లు కాదు, మీ అమ్మల పేర్లు. పక్కన ఆడ, మగ. తర్వాత రెండు వేళలు. 4.12, 4.15. 11.40, 11.43. 2.05, 2.08. కరెంటు పోయిన రాత్రులు, వరుసగా మూడు కాన్పులు జరిగిన రాత్రులు, ఆవిడకు సొంతంగా జ్వరం ఉన్న రాత్రులు కూడా ఆ లైన్లలో ఉన్నాయి. ఏ పేజీలోనూ రెండో గడి ఖాళీగా లేదు. మీలో ప్రతి ఒక్కరి కోసం ఆవిడ ఆ మూడు నిమిషాలు తాడు మీద రెండు వేళ్లు వేసి నిలబడ్డారు.